కత్తెర... కాగితం... ఓ పావుగంట!

పొద్దున నల్లా వచ్చే వేళకు లేచింది మొదలు, రాత్రి పాలు తోడేసి పడుకునేదాకా ఇల్లాలి పనికి లెక్క ఎవరు రాస్తారు? వండింది సాయంత్రానికి అయిపోతుంది. తోమిన గిన్నెలు మళ్లీ సింకులోకి వస్తాయి. ఉతికి మడతపెట్టిన బట్టలు రెండు రోజుల్లో తిరిగి బుట్టలో పడతాయి. రోజంతా చేతులు ఆడుతూనే ఉంటాయి. కానీ 'ఇదిగో, ఇది నేను చేశాను' అని వారం తర్వాత తిరిగి చూసుకోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి?

ఒకప్పుడు ఒకటి మిగిలేది. ముగ్గుల పుస్తకం!

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల... ఏ ఊరైనా తీసుకోండి. పొద్దున్నే వాకిట్లో సాంపి చల్లి ముగ్గు వేయడం ఇంటి పనుల్లో ఒకటి. తప్పని పనే. అయినా ఆ పూట ఏ ముగ్గు వేయాలో ఎవరూ చెప్పరు. కూరలో ఉప్పు ఎంత వేయాలో చెప్పడానికి ఇంట్లో నలుగురు ఉంటారు గానీ, ముగ్గులో మెలిక ఎటు తిప్పాలో చెప్పేవాళ్లు ఉండరు. ఆ పది నిమిషాలూ ఆమె ఇష్టం. మధ్యాహ్నానికి ముగ్గు చెరిగిపోతుంది, నిజమే. నచ్చిన ముగ్గు మాత్రం పుస్తకంలోకి ఎక్కేది. పాత లాంగ్ నోట్‌బుక్కులో పెన్సిల్‌తో చుక్కలు, పక్కన '15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు' అని చిన్న అక్షరాలు. పక్కింటి అక్క నేర్పిన పద్మం, సంక్రాంతికి వారపత్రికలో పడితే కత్తిరించి అంటించుకున్న రథం ముగ్గు... అన్నీ అందులోనే. పెళ్లయితే ఆ పుస్తకం కూడా అత్తారింటికి వెళ్లేది.

ఇప్పుడు అపార్టుమెంటు గుమ్మం ముందు మూడడుగుల వరండా. స్టిక్కరు ముగ్గు అంటిస్తే ఆరునెలలు, పెయింటు ముగ్గు వేస్తే మళ్లీ రంగులు వేయించేదాకా చూడక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది సుఖమే, కాదనను. కాకపోతే ముగ్గుతో పాటు ఆ పది నిమిషాలూ పోయాయి. వాటి స్థానంలోకి ఏమొచ్చిందంటే... ఇంకో పని వచ్చింది!

ఆ పది నిమిషాల్ని తిరిగి తెచ్చుకోవడానికి ఓ మంచి దారి ఉంది. పేపర్ క్రాఫ్ట్ జర్నల్. పేరు విని బెదరకండి. కాగితాలతో రాసుకునే డైరీ అనుకోండి. మామూలు డైరీలో రోజుకో పేజీ రాస్తాం. ఇందులో రోజుకో పేజీ కత్తిరించి, మడిచి, చుట్టి, అంటిస్తాం. పక్కన తేదీ, కావాలంటే ఓ మాట. ముగ్గుల పుస్తకానికి చెల్లెలే ఇది.

కొనకండి... ఇంట్లో వెతకండి!

దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో జర్నల్ కిట్లు దొరుకుతున్నాయి. మెరుపు టేపులు, స్టిక్కర్లు, అచ్చు వేసిన పూల కాగితాలు... చూస్తే కొనాలనిపిస్తుంది. మొదటి పుస్తకం నిండేదాకా మాత్రం వాటి జోలికి పోవద్దని నా సలహా. డబ్బు పెట్టి కొన్న కాగితాన్ని కత్తిరించాలంటే చెయ్యి రాదు. 'పాడవుతుందేమో' అని దాచిపెడతాం. దాచిన కిట్టు అటక మీదికి, అలవాటు గాలికి!

పుస్తకానికి పిల్లల పాత నోటుబుక్కు చాలు. బడులు మూసే నాటికి సగం ఖాళీగా మిగిలిన నోటుబుక్కు లేని ఇల్లుంటుందా? ఒక్కటే జాగ్రత్త. అంటించుకుంటూ పోతే పుస్తకం ఉబ్బిపోయి నోరు తెరుస్తుంది. అందుకని ముందే ప్రతి రెండు ఆకుల తర్వాత ఒక ఆకును చింపేయండి. కుట్టు దగ్గర వేలెడు అంచు వదిలి చింపితే అవతలి ఆకు ఊడిరాదు. మిగిలిన రెండు ఆకుల్నీ ఒకదానికొకటి అంటిస్తే గట్టి పేజీ తయారవుతుంది. చింపిన ఆకులు కూడా పనికొచ్చేవే.

జిగురు సంగతి. ఫెవికాల్ ఎక్కువైతే పల్చటి కాగితం ముడతలు పడుతుంది. వేలితో కాక, పాత టూత్‌బ్రష్‌తో పల్చగా రాయండి. లేదా లై కాచుకోండి. గోడలకు పోస్టర్లు అంటించే లై తెలుసుగా, అదే. రెండు చెంచాల మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అరగ్లాసు నీళ్లు పోసి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉంటే కాసేపటికి చిక్కబడి నిగనిగలాడుతుంది. చల్లారాక డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులకు ఢోకా లేదు. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో వద్దేవద్దు.

ఇక కాగితాలు. ఇదే అసలైన వేట! పసుపు అంటిన మూలలతో పెళ్లి శుభలేఖ. చీరల పెట్టె అట్ట. మిఠాయి డబ్బా లోపలి బంగారు రంగు కాగితం. పోయిన నెల క్యాలెండరు షీటు. సంక్రాంతికి తెగిపోయి చెట్టుకు చిక్కుకున్న పతంగి (ఆ కాగితం వెలుతురు పడితే ఎంత బాగుంటుందో చూడండి). జెండా పండుగనాడు బళ్లో కట్టిన తోరణంలోంచి ఊడిపడిన మూడు రంగుల ముక్క. దవాఖాన చీటీ. పిల్లాడి మొదటి ప్రోగ్రెస్ కార్డు కవరు. మందుల షాపు బ్రౌను సంచి. ఇవన్నీ ఒక్కో రోజును గుర్తుచేసేవే.

బస్సు టికెట్టు కూడా దాచుకోవాల్సిందే. 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక చేతికొచ్చిన జీరో టికెట్టు మీ పర్సులో ఎక్కడో నలిగి ఉండొచ్చు. కరీంనగర్ నుంచి వేములవాడకో, పుట్టింటికో. దాన్ని అంటించండి. కానీ అంటించిన రోజే పక్కన పెన్నుతో ఊరూ తేదీ రాసిపెట్టండి. ఎందుకంటారా? ఆ టికెట్టు మీద అక్షరాలు సిరాతో పడవు. కాగితానికి పూసిన మందు వేడికి నల్లబడితే అక్షరం కనిపిస్తుంది. ఎండ తగిలినా, కొన్ని నెలలు గడిచినా వెలిసిపోయి తెల్లకాగితమే మిగులుతుంది. ఏటీఎం చీటీలు, సూపర్ మార్కెట్ బిల్లులూ అంతే.

పూలు కూడా పెట్టొచ్చు. బతుకమ్మ రోజుల్లో దొరికే గునుగు పువ్వు తడి తక్కువ ఉన్న జాతి. ఎండినా రాలిపోకుండా కాగితంలా నిలుస్తుంది. తంగేడు రెక్కల్ని పాత దినపత్రికల మధ్య పెట్టి, పైన రోకలో, బరువైన పుస్తకాలో ఉంచి, వారం రోజులు కదపకండి. మధ్యలో ఒకసారి పత్రిక మారిస్తే బూజు పట్టదు.

టైమెక్కడిది?

ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వేలో తేలిన లెక్క చూడండి. ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఇంటి పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అంటే ఆవిడ ఐదు గంటలు, ఆయన గంటన్నర పైచిలుకు. పైగా ఇది ఇంటి పని చేసే మగవాళ్ల లెక్క మాత్రమే. అసలు ముట్టనివాళ్లు ఇందులో లేరు!

కాబట్టి 'తీరిక దొరికినప్పుడు చేద్దాం' అనుకుంటే ఈ జన్మకు దొరకదు. తీరికను వెతక్కుండా, రోజూ ఎలాగూ జరిగే ఏదో ఒకదానికి ఈ పావుగంటను ముడివేయాలి. మధ్యాహ్నం చాయ్ తాగిన గ్లాసు కడగకముందు. పిల్లల్ని ట్యూషన్‌లో దింపి వచ్చాక చెప్పులు విప్పగానే. కుక్కర్ పెట్టి విజిల్స్ కోసం చెవి అటు పడేసి కూర్చునే ఆ పది నిమిషాల్లో. వేళ ఏదైనా ఫరవాలేదు, రోజూ అదే అయితే చాలు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, తోటివాళ్లతో కలిసి 96 మంది మీద చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కొక్కరూ తమకు నచ్చిన ఓ చిన్న పనిని ఎంచుకున్నారు. మధ్యాహ్న భోజనంతో ఓ పండు తినడం లాంటిది. దాన్ని రోజూ అదే సందర్భంలో 12 వారాల పాటు చేయాలి. ఆలోచించకుండానే చెయ్యి దానంతటదే ఆ పనికి పోయే స్థితి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలు, కొందరికి లెక్క ప్రకారం 254 రోజులు కావాలి. '21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుంది' అని ఎక్కడ చూసినా చెబుతుంటారు కదా. ఆ మాట మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పుట్టింది. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో తమ కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. అందులోంచి 'కనీసం' జారిపోయి, 21 మాత్రం మిగిలింది. అందుకని నెల దాటినా పుస్తకం దానంతటది గుర్తుకు రాకపోతే మీలో ఏదో లోపం ఉందనుకోకండి.

అలిగిన రోజు

ఆ అధ్యయనంలోనే తేలిన ఇంకో విషయం నాకు మరీ నచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు పడడానికి పెద్దగా నష్టం లేదట.

ఇది మనకు కొత్తా? బతుకమ్మను చూడండి. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. ఊరూరికీ పేర్లలో కొద్దిపాటి తేడాలున్నా, ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. అమ్మవారు అలిగిందని ఊరుకుంటారు. ఏడో రోజు పొద్దున్నే ఏం జరగనట్టు మళ్లీ తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చి వేపకాయల బతుకమ్మకు కూర్చుంటారు. 'నిన్న తప్పింది, ఇంక ఈ ఏడు పండుగ పాడైంది' అని ఎవరైనా అంటారా? తొమ్మిది రోజుల లెక్కలో ఆ రోజు కూడా ఉంది మరి!

మీ పుస్తకానికీ అదే పద్ధతి పెట్టుకోండి. జ్వరం వచ్చిందో, చుట్టాలు దిగారో, మనసు బాలేదో... ఆ రోజు పేజీ మీద తేదీ వేసి ఖాళీగా వదిలేయండి. లేదా 'అలిగిన రోజు' అని రాయండి. మర్నాడు రెండు పేజీలు చేసి బాకీ తీర్చొద్దు. పేజీలు బాకీ పడుతున్న కొద్దీ పుస్తకం తెరవబుద్ధి కాదు. అప్పులవాడి ఇంటి ముందు నుంచి నడిచినట్టుంటుంది!

వెండి తీగలాగే... కాగితపు తీగ

కరీంనగర్ అనగానే ఫిలిగ్రీ గుర్తొస్తుంది. ఎల్గందుల నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వెండిని రంధ్రాల్లోంచి లాగి సన్నని తీగ చేసి, రెండు తీగల్ని పేని, చదును చేసి, వంపులు తిప్పి చట్రంలో నింపుతారు. అత్తరుదానులు, పాన్‌దాన్లు, పళ్లేలు చూసే ఉంటారు. కొనాలంటే మాత్రం తులం లెక్క ముందుకొస్తుంది.

కాగితంతో అలాంటిదే ఒకటి ఉంది. క్విల్లింగ్. దాని పాత ఇంగ్లీషు పేరేమిటో తెలుసా? పేపర్ ఫిలిగ్రీ! ఇది చేయడానికి సూది లాంటి పరికరం అమ్ముతారు. అక్కర్లేదు. కాలిపోయాక మిగిలిన అగరుబత్తి పుల్ల తీసుకుని, ఓ కొసను బ్లేడుతో నిలువునా కొద్దిగా చీల్చండి. కాగితాన్ని పెసరగింజ వెడల్పున పొడుగాటి పట్టీలుగా కోసి, పట్టీ కొసను ఆ చీలికలో దూర్చి చుట్టండి. పుల్ల తీసేస్తే చుట్ట కాస్త వదులవుతుంది. చివర చుక్క జిగురు పెట్టండి. ఓ పక్క నొక్కితే మామిడి పిందె, రెండు పక్కలా నొక్కితే ఆకు, మూడు పక్కలా నొక్కితే త్రికోణం. నాలుగు పిందెలు పేర్చండి, పువ్వు. ఫిలిగ్రీలో చట్రం ముందు, నింపడం తర్వాత. ఇక్కడా అదే పద్ధతి బాగుంటుంది. ముందు గట్టి పట్టీని నిలబెట్టి నెమలి ఆకారం చట్రంగా అంటించి, లోపల చుట్టలు నింపండి. ఒక్క రోజులో అవ్వదు. ఆకారం ఇవాళ, మెడ రేపు, పింఛం వారమంతా. అలవాటు నిలవడానికి ఇలాంటి సగం పని ఎంతో మేలు. రేపు ఏం చేయాలో ఇవాళే తెలిసిపోతుంది కాబట్టి 'ఏం చేద్దాం' అని దిక్కులు చూడక్కర్లేదు.

ఓ సంగతి గుర్తుంచుకోండి. ఉబ్బెత్తు బొమ్మ ఉన్న పేజీకి ఎదుటి పేజీ ఖాళీగా వదలండి. లేకపోతే పుస్తకం మూసినప్పుడు పింఛం అణిగిపోతుంది.

డెబ్బై రెండో ఏట మొదలుపెట్టి...

'ఈ వయసులో నాకెందుకు' అనుకునే అత్తమ్మలకు, అమ్మమ్మలకు ఓ ఇంగ్లండు ముసలమ్మ కథ చెప్పాలి. పేరు మేరీ డెలానీ. 1700లో పుట్టింది. భర్త 1768లో పోయాడు. నాలుగేళ్ల తర్వాత, 72 ఏళ్ల వయసులో, ఎర్ర కాగితం ముక్క ఒకటి అచ్చం జెరేనియం పూరేకు రంగులో ఉందని గమనించి కత్తెర పట్టిందని చెబుతారు. కాగితాలకు తనే రంగులు వేసుకుని, సన్నని ముక్కలుగా కోసి, నల్లటి కాగితం మీద ఒకదాని మీద ఒకటి అంటించి పూలు చేసేది. దగ్గరికెళ్లి చూస్తే తప్ప కాగితమని తెలియదు. ఒక్కో పువ్వుకు వందల కొద్దీ ముక్కలు కూడా పట్టేవి. 1782లో కంటిచూపు మందగించి ఆపేసేనాటికి ఎన్ని చేసిందో తెలుసా? వెయ్యికి పదిహేను తక్కువ! ఆ 985 పూలూ ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పదేళ్లలో అన్ని పూలు ఒక్క ఊపులో వచ్చినవి కావు. మూడు నాలుగు రోజులకొకటి చొప్పున, కూర్చుంటూ లేస్తూ చేసినవి. ఆవిడకు పనివాళ్లున్నారు, సంపన్నురాలైన స్నేహితురాలి అండ ఉంది. మన అత్తమ్మలకు ఆ వసతి లేదన్నది కూడా చెప్పుకోవాలి.

ఆ మాటకొస్తే కత్తెర పని ఉత్తర తెలంగాణ ఆడవాళ్లకు ఒకరు నేర్పాలా? లక్షల మంది బీడీలు చుట్టే చోటిది. తడిపిన తునికాకు మీద రేకు కొలత పెట్టి చకచకా కోసే చేతులు ఏ క్రాఫ్ట్ టీచరుకూ తీసిపోవు. కానీ అది వెయ్యికింత అని లెక్కగట్టే పని. ఒకే కొలత, ఒకే ఆకారం, పొద్దుగూకేదాకా. వాళ్లను రాత్రి మళ్లీ కత్తెర పట్టమనడం నాకైతే న్యాయంగా తోచదు. వాళ్లకు ముందు కావాల్సింది నడుం వాల్చే గంట. అయితే ఆ ఇళ్లలో ఆడపిల్లలున్నారు, సెలవు రోజులున్నాయి. ఎప్పుడైనా బుద్ధి పుట్టినప్పుడు ఏ కొలతా లేకుండా ఓ కాగితాన్ని ఇష్టమొచ్చినట్టు కోసి చూస్తే తెలుస్తుంది, ఆ చేతుల్లో ఎంత పనితనం ఉందో.

'దీంతోని ఏమొస్తది?'

నాలుగు రోజులు కాగానే ఇంట్లో ఈ ప్రశ్న వస్తుంది. "గీ కాయిదాల పని ఏంది బిడ్డా, దీంతోని ఏమొస్తది?" అని అత్తమ్మ. కొంచెం బాగా రావడం మొదలయ్యాక ప్రశ్న మారుతుంది. "గ్రీటింగు కార్డులు చేసి అమ్మరాదూ?" అని ఆయన. "అమ్మా, నా ప్రాజెక్టుకు చార్టు చేసిపెట్టు" అని పిల్లలు. అందరూ ప్రేమగానే అంటారు. ఒప్పుకున్నారో, పావుగంట కాస్తా ఆర్డర్ల పనిగానో హోంవర్కుగానో మారిపోతుంది.

అమ్మడం తప్పని కాదు. చేతి పనితో సంసారాన్ని నిలబెట్టినవాళ్లు ఎంతోమంది. అమ్మాలనుంటే దానికి వేరే వేళ, వేరే కాగితాలు పెట్టుకోండి. ఈ పుస్తకంలోంచి మాత్రం ఒక్క పేజీ చింపి ఇవ్వకండి. పిల్లలు పక్కన కూర్చుంటామంటే వాళ్లకు విడిగా ఓ నోటుబుక్కు, మొద్దు కత్తెర ఇవ్వండి. అత్తమ్మకైతే నేరుగా జవాబు చెప్పేకంటే ఆవిడ పాత ముగ్గుల పుస్తకం ఎక్కడుందో అడగండి. ట్రంకు పెట్టె అడుగున దొరికితే అందులోంచి ఓ ముగ్గును మీ పేజీ మీదికి ఎక్కించండి. చుక్కల దగ్గర సూదితో రంధ్రాలు పొడిచి దారంతో మెలికలు కుట్టొచ్చు. సందు చుక్క లెక్క మీకు తప్పితే సరిదిద్దడానికి ఆవిడ తప్పకుండా పక్కకొచ్చి కూర్చుంటుంది, చూడండి!

ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మట్టుకు మొదటి రెండు నెలలూ వద్దంటాను. పది మంది 'సూపర్' అంటే రేపటి పేజీ కూడా సూపర్‌గానే ఉండాలన్న బెంగ పట్టుకుంటుంది. వంకరగా కోసిన ఆకు, జిగురు కారిన మూల, మధ్యలో వదిలేసిన చేప... ఇవి కూడా పుస్తకంలో ఉండాలి. ఆ రోజు కుక్కర్ మూడో విజిల్ వేసిందని లేచిపోయారని వాటిని చూస్తే గుర్తొస్తుంది.

పుస్తకం నిండాక అట్ట మీద మొదలుపెట్టిన తేదీ, ముగిసిన తేదీ, మీ పేరు రాయండి. లై వాడి ఉంటే పురుగు వాసన పట్టేస్తుంది కాబట్టి, ఎండిన వేపాకులు పేజీల మధ్య అక్కడక్కడా వేసి, పాత నూలుచీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టండి. వానాకాలం ముందు ఓసారి, వెళ్లాక ఓసారి తీసి నీడలో ఆరబెడితే చాలు. రెండో పుస్తకానికి నోటుబుక్కు ఇప్పుడే చూసి పెట్టుకోండి. పిల్లలు పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేయకముందే!